పాటకు ముందు నడిచేవాళ్ళు

“పందికి కనపడని తీగ మనిషికి కనపడతాదా? చీకట్లో ఎవురన్నా దాని మీద చెయ్యేస్తే ఏం గతి?”

నేనీ మాట అనేటప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. తీగ చుట్ట మా వాకిట్లోనే, మా ఆయన టీవీఎస్ బండి వెనక కట్టింది కట్టినట్టే ఉంది. ఆళ్ళగడ్డలో కొన్న కొత్త తీగ. దాన్ని క్లబ్బుకు తీసుకుపోతూ సంగటి తిని పోదామని ఇంటి దగ్గర ఆగాడు. ఎండకు అది తళతళమంటుంటే చూడ్డానికి నగ మాదిరి ఉంది. మా ఆయన నతానియేలు తాడు ముడి మళ్ళీ బిగించుకుంటూ నా వైపు తలయినా తిప్పలేదు.

“సోలారు కంచె వస్తాదంట. అది షాకు గొట్టి తరుముతాది, సంపదు. అది వచ్చేదాంకనే ఇది.”

“ఎప్పుడొస్తాదంట?”

“వచ్చినప్పుడు.”

“ఈలోపల ఎవురన్నా పోతే?”

“సంగటి తిన్న నోటితో సావు మాట ఇనిపియ్యగాకు,” అని బండి తన్ని వెళ్ళిపోయాడు.

నా భయం కొత్తదేమీ కాదు. నేను ఏడో తరగతి దాకా చదివాను. బడికి వాగు దాటి పోవాలి. వాగులో ఇసక తప్ప చుక్క నీరు లేని రోజుల్లో కూడా ఒడ్డున నిలబడి, పైనుంచి ఏమన్నా వస్తోందా అని కొండల వైపు చూసి గానీ కాలు పెట్టేదాన్ని కాదు. పెళ్ళయ్యాక ఆ చూపు మొగుడి మీదికి, బిడ్డ పుట్టాక బిడ్డ మీదికి మళ్ళింది. మా సువార్త చిన్నప్పుడు దేన్నయినా ముందు చెయ్యేసి పట్టుకునే రకం. కాలుతున్న పెనం పట్టుకుంది, గోడ మీది తేలును పట్టుకుంది, ఎద్దు కొమ్ము పట్టుకుంది. అలాంటి బిడ్డను కన్నదానికి భయం కాక ఇంకేం ఉంటుంది?

ఆళ్ళగడ్డ నుంచి రుద్రవరం పోయే దారిలో, నల్లమల కొండలు దగ్గరగా కనిపించే చోట మా పేట. పేటకూ, అవతలి మా సమాధుల తోటకూ నడుమ ఒకప్పుడు చెనక్కాయ చేలుండేవి. హైదరాబాదులో ఉండే ఒక సారు వాటిని కొన్నాడు. వేపచెట్లు, చింతచెట్లు ఎక్కడివక్కడే ఉంచి, నడుమంతా పచ్చగడ్డి పరిచి, చుట్టూ గోడ కట్టి గోల్ఫ్ క్లబ్బు పెట్టాడు. చిన్న తెల్లబంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి, దూరాన జెండా పాతిన గుంతలో వెయ్యడం ఆట. ఆ గుంత చుట్టూ చాప పరిచినట్టు నున్నగా ఉండే గడ్డిని గ్రీను అంటారు. మెంబర్లు తప్ప బయటివాళ్ళు ఆ గేటు దాటకూడదు. మేము దాటేవాళ్ళం, పనివాళ్ళం కాబట్టి. మా పేట ఆడవాళ్ళం వరసగా గొంతుక్కూర్చుని గ్రీనులో తుంగ ఏరేవాళ్ళం. మా ఆయన బోరు మోటార్లు చూసేవాడు, గడ్డికి నీళ్ళు చిమ్మించేవాడు. సువార్త డిగ్రీ చదువుకుంటూ, సెలవు రోజుల్లో ఆడేవాళ్ళ వెనక కర్రల సంచి మోసేది.

ఇప్పుడు ఆ గేటు వైపు మేము పోవడం లేదు. ఆ ఎండాకాలమే మమ్మల్ని నంద్యాలకు తెచ్చింది. మా ఆయన ఇక్కడ మోటార్లకు వైండింగు చుట్టే షాపులో పని చేస్తాడు. క్లబ్బు పేరెత్తడు. నేను మాత్రం ఏ దుకాణం ముందరైనా ఎర్ర బలుబు కనిపిస్తే నిలబడిపోతాను.

ఆ ఏడు ఈస్టరుకు ముందు నలభై రోజుల లెంటు దినాలు మొదలయ్యేసరికే అడవిలో కుంటలు ఎండిపోయాయి. కొండ కింద తడి ఉన్న చోటు మా క్లబ్బు ఒక్కటే. రాత్రిపూట అడవిపందులు గోడ సందుల్లోంచి దూరి, మెత్తటి గ్రీనును మూతితో దున్ని, వేర్ల కింది పురుగులు తిని పోయేవి. తెల్లారి చూస్తే ఎవరో మడక కట్టినట్టుండేది. అన్నిటికన్నా ఎక్కువ పాడయ్యేది ఆఖరి గ్రీను, మా సమాధుల తోట పక్కది. ఈస్టరు ఆదివారం నాడు పెద్ద పోటీ పెట్టుకున్నారు. హైదరాబాదు సారు ఫోనులోనే కేకలు వేశాడట. దాంతో సూపర్వైజరు చెన్నకేశవులు మా ఆయన చేత ఆఖరి గ్రీను చుట్టూ కర్రలు పాతించి, మోకాలి ఎత్తున ఒకటి, నడుము ఎత్తున ఒకటి తీగలు లాగించి, మోటరు రూములో స్విచ్చికి కలిపించాడు. పొద్దుగూకితే వెయ్యాలి, ఐదు గంటలకు తియ్యాలి. తియ్యడం, వెయ్యడం మా ఆయన పని.

వద్దని నేను చెప్పాను. చెప్పాను అంటే రోజూ చెప్పాను.

శనివారాలు కార్లు ఎక్కువ. అలాంటి ఒక శనివారం మేము ఆఖరి గ్రీను మీద కూర్చుని తుంగ ఏరుతున్నాం. దూరాన ఒకాయన కర్ర పైకెత్తాడు. బంతి కదలకముందే నేను అరిచాను.

“తలలు ఒంచుకోండమ్మో!”

అందరూ కొంగులు తలమీదికి లాక్కుని కిందికి ఒరిగారు. బంతి ఎక్కడో వేపచెట్టులో పడి ఆకులు రాలాయి. ఇక నవ్వులే నవ్వులు.

“ఏసక్క ఉండగా మనకు సైరనెందుకే?”

“సైరనన్నా టైముకు మోగుతాది. ఈయమ్మ ఊరికే మోగుతాది.”

సువార్త ఒక మేడమ్ వెనక సంచి మోసుకుంటూ వస్తోంది. దాని మొగం సిగ్గుతో చిన్నబోయింది. దగ్గరికి వచ్చాక గొంతు తగ్గించి అంది: “మా, నువ్వరిస్తే ఆ సారు గురి తప్పింది.”

“తప్పితే తప్పనీ. ఎవురి తలా పగల్లేదు గదా.”

“పగిలేదుంటే నీకు చెప్పి పగులుతాదా?”

ఆ మేడమ్‌కు మా మాటలు అర్థమయ్యాయో లేదో, నవ్వి, తన చేతిలో కర్ర సువార్త చేతిలో పెట్టింది. “కొట్టు,” అంది. ఇంకొకరైతే వద్దని వెనక్కి తగ్గేవాళ్ళు. నా బిడ్డ సంచి దించడం, కర్ర పట్టడం, కొట్టడం ఒక్క ఊపులో అయిపోయాయి. బంతి పోయి జెండా కర్ర దగ్గర ఆగింది. ఆడవాళ్ళంతా ఈలలు వేశారు. సూపర్వైజరు చెన్నకేశవులు దూరం నుంచి చూసి, “ఏం ఏసక్కా, నీ బిడ్డ మెంబరైపోయిందే!” అని నవ్వాడు. చెడ్డవాడు కాదు. నాకు మాత్రం ఆ నవ్వు వెనక ఏముందో, రేపు పనిలోంచి తీసేస్తారేమో అని సాయంత్రం దాకా అదే దిగులు.

మొదటి పంది పడింది ఆ తర్వాత వారంలోనే. మేము పొద్దున పనికి పోయేసరికి తీగ పక్కన నల్లగా, బియ్యం మూటలాగా పడి ఉంది. ఒళ్ళు కాలిన వాసన. దాని వెనక గడ్డిలో చారల పందిపిల్లలు రెండు అటూ ఇటూ తిరుగుతున్నాయి. మమ్మల్ని చూసి కూడా పోలేదు. మా ఆయన దాని కాళ్ళకు తాడు కట్టి ఈడ్చుకుపోయాడు. ఎవరూ నవ్వలేదు. “అంత పందే లేవలేకపోయిందే,” అని ఎవరో అన్నారు. నేను అనాల్సిన మాటను ఇంకొకరు అనడం అదే మొదటిసారి.

ఆరోజు ఇంటికొచ్చి మా ఆయన తొట్టి దగ్గర చేతులు కడుగుతూ ఎంతకీ లేవలేదు. నేను వెనక నిలబడి అడిగాను.

“ఆపినావో ల్యాదో మర్సిపోతే ఎట్లబ్బా?”

అప్పుడు నన్ను ఇంటి వెనక్కి తీసుకుపోయి చెయ్యి చాపి చూపించాడు. మా ఇల్లు పేటలో చివరిది. గోడ అవతల మోటరు రూము, దాని నెత్తిన చిన్న ఎర్ర బలుబు.

“తీగతో కలిపినా. అది ఎలుగుతాంటే తీగలో కరెంటున్నట్టు. ఆరితే ల్యానట్టు. ఇంగ నన్ను అడగగాకు. దాన్ని అడుగు.”

అప్పటినుంచి మా ఆయన మాటలు ఇంకా తగ్గాయి. ఉన్న కాస్తా అన్నం దగ్గర ‘చాలు’ అనడానికే. నేను రోజూ చీకటితోనే లేచి ఇంటి వెనక్కి పోయి నిలబడేదాన్ని. ఎర్ర బలుబు ఆరేదాకా సువార్తను వాకిలి దాటనిచ్చేదాన్ని కాదు.

ఈస్టరుకు వారం ముందు, మట్టల ఆదివారం నాడు ఆరాధన అయ్యాక మా సంఘపెద్ద జ్ఞానప్రకాశం మామ లేచి, “ఈ తూరి పూలగంప సువార్తది,” అన్నాడు. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

ఈస్టరు తెల్లవారుజామున మా పేటలో ఒక నడక ఉంది. పెళ్ళికాని ఆడపిల్లలు అందరికన్నా ముందు, చీకటి ఉండగానే గుడి నుంచి సమాధుల తోటకు బయల్దేరుతారు. దీపం ఉండకూడదు, పాట ఉండకూడదు, మాట ఉండకూడదు. ఫోన్లు గుడిలోనే పెట్టి పోతారు. ఆనాడు సమాధి దగ్గరికి పోయిన ఆడవాళ్ళు అట్లాగే పోయారని మా అత్త కాలం నుంచి పట్టుకున్న ఆచారం. పూలగంప మోసే పిల్ల అందరికన్నా ముందుంటుంది. దారిలో ఎవరు పిలిచినా పలకరు. పలికితే నడక చెడినట్టు. చాలాసేపటికి పెద్దవాళ్ళు, పాస్టరయ్య పాటలు పాడుకుంటూ వెనక వస్తారు. సమాధుల తోట వాకిట్లో సంఘపెద్ద గొంతెత్తి ‘ప్రభువు లేచినాడూ’ అని సాగదీసి పిలుస్తాడు. ఆ పిలుపు చెవినబడితే ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోవాలి. ‘నిజంగా లేచినాడూ’ అని పలకాలి. అప్పుడు కొవ్వొత్తులు వెలిగించుకోవాలి.

ఆ దారి క్లబ్బు నడుమ నుంచి పోయే పాత బాట. స్థలం అమ్మేటప్పుడు పెద్దలు ఆ ఒక్క తెల్లవారుజాముకు సారు దగ్గర మాట తీసుకున్నారు. ఆరోజు పేట వైపు చిన్న గేటు తెరిచిపెడతారు. బాట ఆఖరి గ్రీను మీదుగా పోతుంది.

ఇంటికి రాగానే అడిగాను: “తీగ అడ్డముంటాది గదా, ఎట్ల పోతారు?”

“పైతీగ నేనెత్తి పట్టుకుంటా. అందరూ నడుమ దూరిపోతారు. ఆఖర్న నేను దూరతా. అదేం పెద్ద పనా?” అంది సువార్త.

“నువ్వే ఎందుకు పట్టుకోవాల?”

“ముందు నడిచేది నేను గాబట్టి.”

“నువ్వు ముందు పోవద్దు. గంప ఇంకెవురికన్నా ఇయ్యమని చెప్తా మామకు.”

“మా! ఆరోజు నాయన తీగలో కరెంటు ఆపేస్తాడు గదా. నాయనను గూడా నమ్మవా?”

“మనిషిని నమ్ముతా. స్విచ్చిని నమ్మను.”

అది చేతిలోని మట్టను గోడకు ఆనించి నా వైపు తిరిగింది. కళ్ళల్లో నీళ్ళున్నాయి.

“నేను పుట్టిన కాడ్నించి రోజుకో తూరి నన్ను నోటితో సంపుతాండావ్. వాగులో సంపినావు, బస్సు కింద సంపినావు, బంతితో సంపినావు. ఇంగ నాతో మాట్లాడొద్దు నువ్వు.”

అన్నట్టే మాట్లాడటం మానేసింది. ఆ శ్రమల వారమంతా ఇంట్లో ఇద్దరు మాటలేని మనుషులు. వాళ్ళ నడుమ నేనొక్కదాన్నే మోగుతూ ఉన్నాను.

శనివారం మధ్యాహ్నం పెద్ద మోటరు కాలిపోయింది. తెల్లారితే పోటీ, గడ్డికి నీళ్ళు లేకపోతే పని మొత్తం పాడు. మా ఆయన మోటరును ఆటోలో వేయించుకుని నంద్యాలకు బయల్దేరాడు. పోయేముందు చెన్నకేశవులుతో ఏదో మాట్లాడటం నేను దూరం నుంచి చూశాను. సాయంత్రం ఫోను చేశాడు.

“వైండింగు రాత్రంతా పడతాదంట. పొద్దున్నే వస్తా.”

“తీగ సంగతి?”

“కేశవన్నకు చెప్పినా. మన పాట వినపడతానే ఆపేస్తానన్నాడు.”

“పాట వినపడతానేనా? పిల్లోళ్ళు పాటకంటే ముందు పోతారు గదబ్బా! సప్పుడు ల్యాకుండా పోతారు గదా!”

అవతల షాపులో సుత్తి చప్పుళ్ళు వినిపిస్తున్నాయి. మా ఆయన ఏమీ అనలేదు. పెళ్ళయినప్పటినుంచి ఆయన మౌనాలు నాకు తెలుసు. ఇది అలాంటిది కాదు. ఏటేటా ఆయన నడిచింది మగవాళ్ళతో, పాటతో. పిల్లల నడక ఆయనకు గుర్తు రాలేదు.

“మళ్ళా ఫోన్ జేస్తా కేశవన్నకు,” అని పెట్టేశాడు. తర్వాత నేను ఎన్నిసార్లు చేసినా ఆయన ఫోను స్విచ్చాఫ్.

నేను కాళ్ళకు చెప్పులైనా వేసుకోకుండా క్లబ్బుకు పరుగెత్తాను. లోపల షామియానాలు వేస్తున్నారు, కుర్చీలు దించుతున్నారు. చెన్నకేశవులు చెవిలో ఫోను, చేతిలో ఇంకో ఫోను.

“కేశవన్నా, తీగ...”

“తెలుసు లేక్కా, నతానియేలు చెప్పినాడు. ఏటేటా వింటాండా గదా మీ పాటలు. నన్ను నిద్ర లేపేదే అవి. పాట వినపడతానే స్విచ్చి కొడతా. సరేనా?”

“పాటకంటే ముందే పోతారన్నా పిల్లోళ్ళు. చీకట్లో, మాట ల్యాకుండా. మీకు వినపడరు. ఈ పొద్దు తీగే ఎయ్యొద్దన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా.”

సరిగ్గా అప్పుడే జనరేటరు స్టార్టు చేశారు. పక్కనుంచి జనరేటరు మనిషి ఏదో అడుగుతున్నాడు. చెన్నకేశవులు తల ఊపాడు. “సరే, సరే, నేను చూసుకుంటాలే,” అన్నాడు. ఆ తల ఊపింది నా మాటకో, ఆ జనరేటరు మనిషి మాటకో ఈ రోజుకూ నాకు తెలియదు.

రాత్రి గుడిలో అందరం జాగారం ఉన్నాం. నేను జ్ఞానప్రకాశం మామ దగ్గరికి పోయి కూర్చున్నాను.

“మామా, ఈ తూరి పిల్లోళ్ళను పెద్దోళ్ళతోనే పంపితే?”

“నతానియేలు చెప్పిపోయినాడు గదమ్మా. నువ్వూ చెప్పొచ్చినావు. ఆయప్ప సరే అన్నాడు. ఇంగేం?”

“అందురూ సరే అంటాండారు మామా. అదే నా భయం.”

ఆయన నవ్వి నా తల మీద చెయ్యి పెట్టాడు. “ప్రార్థన చేసుకో, ఏసమ్మా. భయాన్ని ఈ ఒక్క పొద్దు దేవునికి అప్పజెప్పు.”

అప్పజెబుదామనే కళ్ళు మూసుకున్నాను. మూసుకుంటే ఆ పంది, దాని వెనక చారల పిల్లలు కనిపించాయి. పక్క చాప మీద సువార్త తెల్ల చీర కట్టుకుని, బంతిపూలు, మల్లెపూలు గంపలో సర్దుతోంది. దాని చేతులనే చూస్తూ కూర్చున్నాను. నేను చూస్తున్నానని దానికి తెలుసు. తలెత్తలేదు.

తెల్లవారుజామున పాస్టరయ్య వాక్యం చదువుతుంటే ఇక ఉండలేక లేచాను. ఎర్ర బలుబు ఒక్కసారి చూసి వచ్చేద్దామని. ఆరి ఉంటే చాలు, ఆ తర్వాత జన్మలో నోరెత్తనని అనుకుంటూ పేట చివరికి పోయాను. ఇంటి వెనక నిలబడి చూశాను.

గోడ అవతల చింతచెట్ల నల్లదనంలో ఎర్రగా, నిమ్మళంగా వెలుగుతోంది.

ఎట్లా తిరిగి వచ్చానో తెలియదు. గుడి వాకిట్లో జ్ఞానప్రకాశం మామ, పెద్దవాళ్ళు పాటకు తయారవుతున్నారు. చాపల మీద ఆడపిల్లలు లేరు. వాళ్ళ ఫోన్లు మాత్రం గోడవారగా వరసగా పెట్టి ఉన్నాయి.

“పిల్లోళ్ళు యాడ మామా?”

“ఇప్పుడే పోయిరి.”

“బలుబు ఎలుగుతాంది! తీగలో కరెంటుంది మామా!”

ఆయన నా మొగం చూశాడు. ఈసారి నవ్వలేదు. “ఎవురన్నా కేశవులుకు ఫోన్ కొట్టండ్రా!” అని కేక వేశాడు. నా ఫోను ఆయన చేతిలో పడేసి పరుగెత్తాను. వెనక ఎవరో “ఎత్తడంలే, ఎత్తడంలే,” అంటున్నారు.

చిన్న గేటు తెరిచి ఉంది. లోపల అంతా చీకటి. గడ్డి అరికాళ్ళ కింద మెత్తగా ఉంది, అడుగు చప్పుడు నాకే వినిపించడం లేదు. షామియానాల దగ్గర జనరేటరు హోరు. పగలంతా గొంతుక్కూర్చుని జరిగిన నేలే అయినా ఏ చెట్టు ఎక్కడుందో తెలియడం లేదు. తెల్ల చీరలు కనపడతాయేమోనని చూశాను. ఎక్కడా లేవు.

“సువార్తా! తీగ పట్టుకోవద్దే! కరెంటుందే!”

నా మాటలు జనరేటరు హోరులో కలిసిపోయాయి. గొంతు వరకు వినపడి ఉండొచ్చు. వినపడితే మాత్రం? దారిలో ఎవరు పిలిచినా పలకరు. అందులోనూ పిలిచింది సైరన్. ఈ పొద్దు కూడా మోగుతోంది, పాపం, అనుకుని ఇంకా గట్టిగా పెదాలు బిగించి ఉంటారు. నా బిడ్డ ఇంకా రెండడుగులు తొందరగా వేసి ఉంటుంది.

మళ్ళీ పిలిచాను. మళ్ళీ పరుగెత్తాను. కాలు దేనికో తట్టుకుని బోర్లాపడ్డాను. లేచేసరికి నాకొకటి తెలిసిపోయింది. నేను వాళ్ళను అందుకోలేను. పాత బాట అంత పొడుగు లేదు. ఈపాటికి వాళ్ళు ఆఖరి గ్రీను దగ్గర ఉండాలి. గంప నెత్తిన ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి ముందుకు చాపి తీగ కోసం వెతుకుతూ ఉంటుంది. ముందు నడిచేది అదే గాబట్టి.

అప్పుడు నేను నిలబడ్డాను. ఊపిరి తీసుకున్నాను. అది నేను అనకూడని మాట. సంఘపెద్ద తప్ప, అదీ సమాధుల తోట వాకిట్లో తప్ప, ఇంకెవరి నోటా మా పేటలో వినని మాట. మాటలు వినపడకపోయినా దాని సాగదీత వినపడుతుంది, సువార్త చంటిబిడ్డగా నా ఒళ్ళో ఉన్నప్పటినుంచీ విన్న సాగదీత అది.

“ప్రభువు లేచినాడూ...!”

నా గొంతు నాకే కొత్తగా ఉంది. చెట్లలో ఏదో పిట్ట లేచిపోయింది. ఏమీ లేదు. జనరేటరు. ఇంకోసారి పిలవడానికి నోరు తెరిచాను.

“నిజంగా... లేచినాడూ...”

అదురుతూ బెదురుతూ, ఒకరి వెనక ఒకరుగా, ఇంత తొందరగా ఎందుకొచ్చిందో తెలియని గొంతులు. ఆ తర్వాత అగ్గిపుల్ల గీసిన వెలుగు. దాని నుంచి ఒక కొవ్వొత్తి, దాని నుంచి ఇంకొకటి. చింతచెట్టు పక్కన వరసగా తెల్ల చీరలు బయటపడ్డాయి. ఎక్కడివాళ్ళు అక్కడ ఆగి ఉన్నారు, తీగకు ఇవతల.

కానీ ఆ గొంతుల్లో నా బిడ్డ గొంతు లేదు. దానిది కాస్త బొంగురు, అందరూ ఆపాక కూడా ఒక క్షణం సాగుతుంది. ఆ సాగడం వినపడలేదు. మొదటి కొవ్వొత్తికి ముందర చీకటి. తీగ ఉన్నది ఆ చీకట్లోనే.

“సువార్త యాడే?” అని అరిచాను.

“ముందరుంది పెద్దమ్మా,” అంది ఒక పిల్ల. నడక చెడిందని దానికి తెలియనైనా లేదు. కొవ్వొత్తి పైకెత్తింది. వెలుగు అంత దూరం పోలేదు.

“ఎవురూ కదలగాకండి. తీగలో కరెంటుంది. ఎవురూ ముందుకు పోవద్దు.”

ఎవరూ కదల్లేదు. సరిగ్గా అప్పుడే షామియానాల దగ్గర ఎవరో జనరేటరు ఆపారు. హోరు పోయాక చెవుల్లో ఏమీ మిగల్లేదు. కొవ్వొత్తులు కాలే చప్పుడు కూడా వినపడేంత నిశ్శబ్దం. పేట వైపు పాట ఇంకా మొదలు కాలేదు.

ఈసారి అరవలేదు. ఇంట్లో పొయ్యి దగ్గర నుంచి పిలిచినట్టే పిలిచాను.

“సువార్తా. నా తల్లీ.”

ఏమీ లేదు.

ఒక పిల్ల ఏడవడం మొదలుపెట్టి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను చీకట్లోకి చూస్తూ నిలబడ్డాను. వాగు ఒడ్డున నిలబడినట్టు. ఎంతసేపని చెప్పను? కొవ్వొత్తి మైనం కారి, ముందున్న పిల్ల వేలి మీద పడి, ఆ పిల్ల చెయ్యి మార్చుకుంది. పైన కొండల అంచు కొద్దికొద్దిగా తేటపడుతోంది. తీగ ఉన్న చోట ఏదో తెల్లగా ఉన్నట్టుంది. నిలబడి ఉందో, పడి ఉందో తెలియడం లేదు.

అప్పుడు ఆ తెల్లదనంలోంచి, బొంగురుగా, మట్టల ఆదివారం తర్వాత నాతో మొదటిసారిగా:

“ఈడనే ఉండా మా. ఇంగా పట్టుకోల్యా.”